కొర్రలు మన చేలో... కొర్రబియ్యం ఎవరి మిల్లులో?

ఆగస్టులో బనగానపల్లె నుంచి కోవెలకుంట్ల వైపు బస్సులో వెళ్తుంటే కిటికీ పక్క సీటు దొరికితే వదలొద్దు. నల్లరేగడి చేలల్లో పత్తి, కంది మధ్య అక్కడక్కడా కొర్ర కంకులు తలలు వంచుకుని కనిపిస్తాయి. ఇంకో నెలకు అవి కోతకొస్తాయి. కల్లంలో నూర్చి, సంచులకెత్తి, ట్రాక్టర్‌లో వేసి అమ్మేస్తారు. కొన్నాళ్లకు అదే కొర్ర మన ఊరి కిరాణా కొట్టుకు కొర్రబియ్యమై తిరిగొస్తుంది. ఈసారి మెరిసే ప్యాకెట్‌లో, సన్నబియ్యం కంటే దాదాపు రెట్టింపు ధరతో. ప్యాకెట్ తిప్పి వెనక అడ్రస్ చూడండి. మన జిల్లాదేనా?

ఈ రాకపోకల మధ్యలో గింజకు ఏం జరిగింది? పొట్టు ఊడింది. అంతే.

డిగ్రీ చేతికొచ్చి, బెంగళూరుకో హైదరాబాద్‌కో బ్యాగు సర్దుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నారా? అయితే ఆ పొట్టు గురించి కాసేపు మాట్లాడుకుందాం. చిరుధాన్యాల మీద ఇప్పటికే చాలా విన్నారు. 2018ని మన దేశం జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన దేశం ప్రతిపాదిస్తే ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. సభలు జరిగాయి, స్టాళ్లు పెట్టారు, లడ్డూలు పంచారు. ఆ సందడి అయిపోయింది. పని మాత్రం మిగిలే ఉంది. ఆ పనిలో మీకేమైనా చోటుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

రోకలి ఎవరు పట్టాలి?

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. కొర్ర, సామ, ఆరిక మన కంచాల్లోంచి రుచి లేక పోలేదు. దంచేవాళ్లు లేక పోయాయి. జొన్న, సజ్జ, రాగి గింజలకు పొట్టు గట్టిగా అంటుకుని ఉండదు. నూర్చి చెరిగితే పిండికి వెళ్లిపోవచ్చు. కొర్ర అలా కాదు. వడ్లలాగే గట్టి పొట్టు. గింజ చూస్తే ఆవగింజంత. దాన్ని రోట్లో పోసి దంచి, చేటతో చెరిగి, మళ్లీ దంచి, రాళ్లేరి ఎసట్లో వేసేసరికి ఇంటి ఆడవాళ్ల నడుములు పడిపోయేవి. మీ ఇంట్లో అవ్వ ఉంటే అడిగి చూడండి. కొర్రబువ్వ రుచి గురించి ఒక మాట చెబితే, దంచిన కష్టం గురించి పది మాటలు చెబుతుంది.

అందుకే 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు రాయలసీమ పల్లెలు దాన్ని రెండు చేతులా అందుకున్నాయి. పండక్కో పెళ్లికో వండుకునే వరన్నం రోజూ పొయ్యి మీదికొచ్చింది. దాన్ని తప్పు పట్టడానికి మనమెవరం? కడుపు నిండింది, రోకలి బరువు తప్పింది. పైగా జొన్నకూడు, కొర్రకూడు పేదోళ్ల తిండి అనే చిన్నచూపు ఈనాటిది కాదు. పల్నాటి జొన్నకూడు చూసి శ్రీనాథుడంతటివాడు మొహం చిట్లించాడని చాటువుల్లో చెప్పుకుంటారు. పేరులోనే చూడండి, తృణధాన్యాలు! తృణం అంటే గడ్డిపోచ. కేంద్రం 2018 ఏప్రిల్‌లో గెజిట్ ఇచ్చి వీటిని పోషక ధాన్యాలుగా గుర్తించాల్సి వచ్చింది. పేరు మార్చడానికి ఒక గెజిట్ సరిపోయింది గానీ అలవాటు మార్చడానికి సరిపోదు.

విస్తీర్ణం లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. జొన్న, సజ్జ, రాగి, చిన్న గింజలు అన్నీ కలిపి 1965–66లో దేశంలో దాదాపు 3.7 కోట్ల హెక్టార్లలో ఉండేవి. 2016–17కు వచ్చేసరికి ఒకటిన్నర కోట్ల హెక్టార్ల లోపుకు పడిపోయాయి. బనగానపల్లె చుట్టుపక్కల కూడా కాలువ నీళ్లు వచ్చిన చోట వరి, నీళ్లు రాని చోట పత్తి, పప్పుశనగ పెరిగాయి. ఒకప్పుడు మన నల్లరేగడి ఊళ్లలో జొన్నల్ని దాచడానికి నేలలో పాతరలు తవ్వేవాళ్లు. ఇప్పుడు ‘పాతరేశారు’ అంటే పూడ్చిపెట్టారనే అర్థం ఒక్కటే మన నాలుక మీద మిగిలింది.

గింజలో ఏముంది? ఎంతుంది?

ఈ ప్యాకెట్లు అమ్మాలన్నా, ఇంట్లో తినాలన్నా లెక్క తెలిసి మాట్లాడాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు దీనికి ఆధారం. పాలిష్ పట్టిన 100 గ్రాముల బియ్యంలో ప్రోటీన్ ఏడెనిమిది గ్రాములు. కొర్రల్లో దాదాపు 12. బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపు ఉంటే జొన్నలో పది గ్రాములు. రాగుల సంగతి చెప్పక్కర్లేదు. 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల చుట్టూ కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది కూడా ఉండదు. ఇనుములో సజ్జది పైచేయి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇది చదువుతున్న అమ్మాయిలు ఆ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. సజ్జరొట్టె ఒక్కటే రక్తహీనతను పోగొట్టదు. దాని పక్కన ఆకుకూర, నిమ్మకాయ పిండిన పప్పు ఉంటే గింజలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం మానకూడదు.

షుగర్ సంగతి? పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నేతృత్వంలో శాస్త్రవేత్తలు 65 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సుమారు వెయ్యి మందికి సంబంధించిన వివరాలవి. చిరుధాన్యాలు రోజువారీ తిండిలో భాగమైన మధుమేహ రోగుల్లో పరగడుపు చక్కెర సగటున 12 శాతం, తిన్నాక వచ్చే చక్కెర 15 శాతం తగ్గినట్లు తేలింది. మంచి ఫలితమే. కానీ ‘వారంలో షుగర్ మాయం’ అని రాసి అమ్మేవాళ్లకు ఇది సాక్ష్యం కాదు. మీరు ఈ వ్యాపారంలోకి వస్తే ఆ మాట ప్యాకెట్ మీద రాయకండి. చట్టం ఒప్పుకోదు, రెండోసారి కొనేవాడూ నమ్మడు. ఇంకో సంగతి కూడా దాచొద్దు. కేలరీల్లో బియ్యానికీ కొర్రలకూ పెద్ద తేడా లేదు. కొర్రబియ్యమే కదా అని రెండింతలు తింటే ఒళ్లు తగ్గదు. మెత్తగా పిండి చేసి జావ కాస్తే గింజగా వండినదానికంటే త్వరగా అరిగి చక్కెర త్వరగా పెరుగుతుంది. థైరాయిడ్ ఇబ్బంది ఉన్నవాళ్లు రోజూ సజ్జలు తినే ముందు డాక్టర్‌ను అడగడం మంచిది.

మన సీమ నుంచే దేశమంతా వినిపించిన పేరు ఒకటుంది. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడ్డ డాక్టర్ ఖాదర్ వలీ. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఆరికలు, ఊదలు... ఈ అయిదింటిని ‘సిరిధాన్యాలు’ అంటూ ఊరూరా తిరిగి చెప్పారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. పట్నాల్లో ఈ గింజలకు గిరాకీ పెరగడంలో ఆయన పాత్రను కాదనలేం. గిరాకీ వచ్చింది సరే, దాన్ని అందుకునే ఏర్పాటు సీమలో ఎంత ఉందన్నదే అసలు సంగతి.

నంద్యాల ఇచ్చిన విత్తనం

పొలం వైపు చూస్తే మనకు దొరికిన అదృష్టం ఒకటుంది. బనగానపల్లెకు నలభై కిలోమీటర్ల దూరంలో నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. 1906 నుంచీ ఉంది. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేస్తోంది. కొర్రలో దేశమంతా వినిపించే రకాలు ఇక్కడి నుంచి వచ్చాయి. ఎస్‌ఐఏ 3085, ఎస్‌ఐఏ 3156, సూర్యనంది, గరుడ, రేనాడు. పేర్లు చూడండి ఎంత ముచ్చటగా ఉన్నాయో. సూర్యనంది, గరుడనంది నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల్లోవి. రేనాడు మన ప్రాంతానికి పాత పేరు. సూర్యనంది 70–75 రోజుల్లో కోతకొస్తుంది. గరుడ ఇంకా ముందే.

ఈ రోజుల లెక్క ఎందుకంటే, మన నల్లరేగడిలో చాలామంది ఖరీఫ్‌లో పొలం ఖాళీగా వదిలేసి అక్టోబర్, నవంబర్‌లలో పప్పుశనగ వేస్తారు. జూన్, జూలై వానలకు కొర్ర గొర్రుతో విత్తితే సెప్టెంబర్ కల్లా ఇంటికొస్తుంది. వెంటనే పప్పుశనగకు నేల సిద్ధం. ఒక పంట పోయే చోట రెండు పంటలు. విత్తనం ఎకరాకు రెండు కిలోలు చాలు. మందుల ఖర్చు పత్తితో పోలిస్తే లెక్కలోకే రాదు. వాన కొంచెం వెనకాముందైనా తట్టుకుంటుంది. కొర్రలో కంది అంతరపంటగా వేసే అలవాటు మన పెద్దవాళ్లకు ఉన్నదే. జొన్నలో కూడా నంద్యాల తెల్లజొన్న రకాలున్నాయి. మాఘీ జొన్న వేస్తే గింజతో పాటు పశువులకు చొప్ప మిగులుతుంది. పశువులున్న ఇంటికి ఆ చొప్ప విలువ వేరే చెప్పాలా?

అయితే రైతు ఎందుకు వెనకాడుతున్నాడు? ధర. కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటించేది జొన్న, సజ్జ, రాగులకే. 2025–26కు హైబ్రిడ్ జొన్న క్వింటాలు 3,699, సజ్జ 2,775, రాగి 4,886 రూపాయలు. ఆ పట్టికలో కొర్ర లేదు. మంచి ధర వచ్చిన ఏడాది పక్కింటాయన కూడా వేస్తాడు. అందరూ వేశాక ధర దిగుతుంది. మూడో ఏడాది ఎవరూ వేయరు. ఈ ఎత్తుపల్లాల నడుమ నమ్మకంగా కొనేవాడు ఒకడు ఊరి దగ్గర్లోనే ఉంటే రైతు కొర్ర వదలడు. ఆ కొనేవాళ్లు మీరెందుకు కాకూడదు?

పొట్టు తీసే లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొర్రను బియ్యం చేయడానికి వరి మిల్లు పనికిరాదు. గింజ చిన్నది, నూకైపోతుంది. దానికి వేరే యంత్రాలుంటాయి. ముందు దుమ్ము, తాలు తీసే క్లీనర్. తర్వాత రాళ్లు తీసే డీస్టోనర్. ఆ తర్వాత పరిమాణం ప్రకారం వేరుచేసే గ్రేడర్, పొట్టు తీసే డీహల్లర్, పొట్టును గాలితో లాగేసే ఆస్పిరేటర్. కొత్తగా పెట్టేవాళ్లు డీహల్లర్ మీదే మనసు పెట్టి మిగతావాటిని తక్కువలో కానిచ్చేస్తారు. అక్కడే దెబ్బ తింటారు. కొర్రగింజంత ఇసుకరాయి పంటికింద ఒక్కసారి పడితే ఆ ఇంటివాళ్లు మీ ప్యాకెట్ మళ్లీ ముట్టరు.

లెక్క ఒకటి వేసి చూద్దాం. అంకెలు అర్థం కావడానికే, మీ ఊరి ధర మీరే కనుక్కోవాలి. క్వింటాలు కొర్రలు 3,000 రూపాయలకు కొన్నారనుకుందాం. అందులో 65 కిలోల బియ్యం దిగితే ముడిసరుకు ఖర్చే కిలోకు 46 రూపాయలు. 60 కిలోలే దిగితే 50. 70 దిగితే 43. యంత్రం అదే, కరెంటు అదే, ధర అదే. పది కిలోల తేడాతో కిలోకు ఏడు రూపాయలు అటూఇటూ అయిపోయాయి. దీనిపైన కరెంటు, కూలి, సంచి, రవాణా, బ్యాంకు కిస్తీ. కాబట్టి ఈ వ్యాపారంలో లాభం అమ్మకంలో కంటే ముందు కొనుగోలులోనే ఉంది. తాలు లేని, బాగా పండిన, ఒకే రకం గింజ కావాలి. తారురోడ్డు మీద ఆరబోసిన కొర్రకు, టార్పాలిన్ మీద ఆరబోసిన కొర్రకు తేడా చూపించి రైతుకు క్వింటాలుకు వంద ఎక్కువ ఇవ్వండి. ఆ వంద మీ డీస్టోనర్ దగ్గర తిరిగొస్తుంది.

ఇంకో చోట జాగ్రత్త. పొట్టు తీయడం వేరు, పాలిష్ పట్టడం వేరు. పొట్టు తీశాక గింజ మీద పసుపుపచ్చ రంగులో సన్నటి తవుడు పొర ఉంటుంది. పైన చెప్పుకున్న పీచు, ఖనిజాల్లో చాలా వంతు ఆ పొరలోనే ఉంటాయి. చూడ్డానికి తెల్లగా, నున్నగా ఉంటే త్వరగా అమ్ముడవుతుందని దాన్ని కూడా గీకేస్తే మిగిలేది ఖరీదైన తెల్లబియ్యమే. మార్కెట్‌లో కొర్రబియ్యం పేరుతో దొరికేదంతా ఒకటి కాదు. కొనేటప్పుడు మరీ తెల్లగా మెరుస్తుంటే అనుమానించండి. మరి వ్యాపారులు పాలిష్ ఎందుకు పడతారు? రంగు కోసం ఒక్కటే కాదు, తవుడులో నూనె ఉంటుంది. తవుడు పొరతో ఉన్న బియ్యం రెండుమూడు నెలలకే ముక్క వాసన వస్తుంది. సజ్జపిండి అయితే వారాల్లోనే చేదెక్కుతుంది. పొట్టుతో ఉన్న గింజ మాత్రం ఏళ్ల తరబడి చెడదు. కరువుకు దాచుకునే గింజలుగా ఇవి నిలిచింది అందుకే.

ఈ ఇబ్బందే మనకు కలిసొచ్చేది. పాలిష్ లేని కొర్రబియ్యం దూరం వెళ్లడానికి, గోదాముల్లో నెలలు ఉండడానికి పనికిరాదు. అంటే పెద్ద కంపెనీ ఎక్కడో కూర్చుని చేయడం కష్టం, పొలం దగ్గర చిన్న యూనిట్ పెట్టుకుని ఆర్డర్ వచ్చినప్పుడు వచ్చినంత దంచి పంపేవాళ్లకు తేలిక. కొర్రలు పొట్టుతోనే గోదాములో ఉంచుకోండి. వారానికి ఎంత కావాలో అంతే ఆడించండి. కర్నూలు, నంద్యాల, హైదరాబాద్‌లకు వారం వారం తాజాగా పంపండి. ప్యాకెట్ మీద ఆడించిన తేదీ పెద్ద అక్షరాలతో వేయండి.

డబ్బు, కాగితాలు

మొదటి అడుగు బ్యాంకు కాదు, యాగంటిపల్లె. బనగానపల్లె మండలంలోనే ఉన్న ఆ ఊళ్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. రైతులకూ గ్రామీణ యువతకూ శిక్షణ ఇవ్వడం ఈ కేంద్రాల పనుల్లో ఒకటి. చాలామంది యాగంటి బసవన్న దర్శనానికి ఆ దారినే వెళ్తారు గానీ ఈ కేంద్రం గేటు లోపలికి తొంగిచూడరు. చిరుధాన్యాల్లో ఏ శిక్షణ ఎప్పుడుందో అక్కడ అడగండి.

యంత్రాలకు సొమ్ము కావాలంటే పీఎంఎఫ్ఎంఈ పథకం ఉంది. చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చింది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ. మీ వాటాగా కనీసం 10 శాతం పెట్టుకోవాలి. పది లక్షల యూనిట్ అనుకుంటే మీ చేతిది లక్ష, సబ్సిడీ మూడున్నర లక్షలు. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఒకటుంది. ఈ మూడున్నర లక్షలు ముందు మీ చేతికి రావు. బ్యాంకులో మీ రుణానికి ఎదురుగా వేరే ఖాతాలో ఉంటాయి. కిస్తీలు సక్రమంగా కడుతూ మూడేళ్లు గడిస్తే అప్పులో సర్దుబాటు అవుతాయి. మధ్యలో చేతులెత్తేస్తే ఆ మేలు పోయినట్లే. అందుకే మొదటి ఏడాది అమ్మకాలు తక్కువగా ఉన్నా కిస్తీ కట్టగలిగేంత చిన్న యూనిట్‌తోనే మొదలుపెట్టండి. పథకం ప్రస్తుతం ఏ స్థితిలో ఉందో, గడువు ఎప్పటిదాకానో దరఖాస్తు చేసే ముందు చూసుకోండి.

కొత్త ఆలోచన ఉన్నవాళ్లకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ తలుపు తెరిచే ఉంది. 2014 దాకా అది జొన్న పరిశోధన డైరెక్టరేట్. 2023 కేంద్ర బడ్జెట్‌లో దాన్ని చిరుధాన్యాలకు ఉత్తమ కేంద్రంగా తీర్చిదిద్దుతామని ప్రకటించారు. అక్కడి న్యూట్రిహబ్ అంకుర సంస్థల్ని పెంచే ఇంక్యుబేటర్. ఆలోచన దశలో ఉన్నవాళ్లకు 5 లక్షల దాకా, ఉత్పత్తి చేతిలో ఉన్నవాళ్లకు 25 లక్షల దాకా గ్రాంటుకు అవకాశమున్న కార్యక్రమాలు నడిపింది. పోటీ గట్టిగా ఉంటుంది. అక్కడ కుకీలు, పాస్తా, సేమియా చేస్తామని వచ్చేవాళ్లకు కొదవ లేదు. ‘పాలిష్ లేని కొర్రబియ్యాన్ని ఆరు నెలలు చెడకుండా ఎలా నిలబెట్టాలి’ అన్న ప్రశ్నతో వెళ్తే మీ మాట వింటారని నా నమ్మకం.

ప్యాకెట్ అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. చిన్న యూనిట్లకు ఆన్‌లైన్‌లోనే తేలిగ్గా అవుతుంది. చిరుధాన్యాలకు నాణ్యతా ప్రమాణాలు 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తేమ ఎంత ఉండాలి, ఇతర గింజలు, చెత్త ఎంతకు మించకూడదు అన్నవి అందులో ఉంటాయి. అవి ఒకసారి చదివి యంత్రాలు కొనండి, కొన్నాక చదవడం కాదు. పన్ను విషయంలో, కనీసం 70 శాతం చిరుధాన్యం ఉన్న పిండిని లూజుగా అమ్మితే జీఎస్‌టీ లేదు, ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 5 శాతం అని 2023 అక్టోబర్‌లో నిర్ణయించారు.

ఒక్కడే చేయాలా?

అక్కర్లేదు. మన సీమలోనే శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తోంది. అక్కడి రైతుల సహకార సంఘం ‘ధరణి’ సభ్యులు పండించిన చిరుధాన్యాలు, వేరుశనగను తానే కొని, శుద్ధి చేసి, సొంత బ్రాండుతో పట్నాలకు అమ్ముతోంది. అనంతపురం కంటే తక్కువ వాన పడే చోటు రాష్ట్రంలో లేదు. అక్కడ నిలబడినది నంద్యాల నల్లరేగడిలో ఎందుకు నిలబడదు? తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. అక్కడి దళిత మహిళా రైతుల సంఘాలు పాత విత్తనాల్ని కాపాడి, ఊళ్లోనే చిరుధాన్యాల పంపిణీ నడిపి చూపించాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారికి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఈ రెండు చోట్లా యంత్రం కంటే ముందు సంఘం వచ్చింది. అది గమనించండి.

సంఘం అంటే ఉద్యోగం కూడా. దేశమంతా 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల్ని పెట్టే పథకం 2020లో మొదలైంది. దాని కింద ఏర్పడ్డ సంస్థలకు సీఈఓ, అకౌంటెంట్ జీతాలకు మొదటి మూడేళ్లు కేంద్రం సాయం ఇచ్చింది. సీఈఓకు నెలకు 25,000 దాకా. పట్నం జీతంతో పోలిస్తే తక్కువే. కానీ ఇరవై నాలుగేళ్లకే కొనుగోలు, నిల్వ, బ్యాంకు, మార్కెట్ అన్నీ చేతుల మీదుగా నేర్పే ఉద్యోగం ఇంకోటి చూపించండి. బీకాం చదివినవాళ్లు దీన్ని తమ ఉద్యోగంగా అనుకోరు ఎందుకో! రైతు సంస్థలు ఎక్కువగా బోల్తా పడేది లెక్కల పుస్తకం దగ్గరే.

ఇంకా ఇంటర్‌లో ఉన్నారా?

బైపీసీ వాళ్లకు ఏపీ ఈఏపీసెట్‌తో బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్. మన దగ్గర్లో మహానంది వ్యవసాయ కళాశాల ఉంది, 1991లో పెట్టింది. ఆహార సాంకేతికత మీద ఆసక్తి ఉంటే పులివెందుల, బాపట్ల కళాశాలల్లో బీటెక్ ఫుడ్ టెక్నాలజీ. ఇది ఎంపీసీ వాళ్లకూ దారే. సీట్ల వివరాలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూడాలి. జేఈఈ మెయిన్ ర్యాంకు ఉంటే తంజావూరు నిఫ్టెమ్, డిగ్రీ తర్వాత మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ. పదో తరగతితో ఆగినవాళ్లకు వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా రెండేళ్లు. తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీలోకి వెళ్లొచ్చు. వ్యవసాయ డిగ్రీ పూర్తయినవాళ్లు హైదరాబాద్ మేనేజ్ సంస్థ నడిపే అగ్రిక్లినిక్, అగ్రిబిజినెస్ శిక్షణ గురించి కనుక్కోండి. 45 రోజులు, ఉచితం.

చదువు లేదని ఎవరైనా వెనక్కి తగ్గనక్కర్లేదు. కర్నూలులో, హైదరాబాద్‌లో సాయంత్రమైతే రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కాల్చే అక్కల దగ్గర జనం ఎలా మూగుతారో చూశారు కదా. గోధుమలో ఉండే జిగురు జొన్నలో ఉండదు. వేడినీళ్లతో పిండి కలిపి, పగలకుండా పల్చగా తట్టాలి. కళాశాలలో నేర్పే విద్య కాదది. మన ఊరి అమ్మలకు, అక్కలకు చేతిలో ఉన్న విద్య. వాళ్లను ఒక చోట చేర్చి, రాళ్లు లేని తాజా పిండి అందించి, రొట్టెలు హాస్టళ్లకూ మెస్సులకూ చేర్చే కుర్రాడో అమ్మాయో కావాలి. దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, ఒక బండి, ఒక ఫోను చాలు.

ఈలోగా ఇంట్లో మొదలుపెట్టండి. తినని వస్తువును అమ్మలేరు. కొర్రబియ్యం కడిగి నాలుగైదు గంటలు నానబెట్టి, ఒకటికి రెండు, రెండున్నర కొలతల నీళ్లు పోసి సన్నమంటపై వండండి. మొదటి వారం పూటకే చాలు. పీచు అలవాటు లేని కడుపు కాస్త గొణుగుతుంది. పుంటికూర పప్పుతో తిని చూడండి, ఊరిబిండితో ఇంకా బాగుంటుంది. రెండు మూడు బ్రాండ్లు కొని పక్కపక్కన వండితే పాలిష్ పట్టిందేదో, పట్టనిదేదో, పాతబడిందేదో మీ నాలుకే చెబుతుంది.

యూనిట్ పెట్టాలనుకునేవాళ్లు క్యాలెండర్ చూసుకోండి. కొర్ర జూన్‌లో విత్తితే సెప్టెంబర్‌లో కల్లానికొస్తుంది. అప్పుడే గింజ బాగా దొరికేది, ధర కూడా అప్పుడే తక్కువగా ఉండేది. ఆ వారానికి యంత్రాలు బిగించి, ట్రయల్ ఆడించి, గోదాము సిద్ధంగా ఉండాలంటే బ్యాంకు కాగితాల పని మార్చిలోనే మొదలవ్వాలి. రైతులతో మాట మాత్రం అంతకంటే ముందే, పప్పుశనగ కోతలప్పుడే. ఎందుకంటే వచ్చే ఖరీఫ్‌లో పొలం ఖాళీగా వదలాలా, కొర్ర వేయాలా అన్నది వాళ్లు కల్లంలో కూర్చుని అనుకునేది అప్పుడే.